మొదటి వెల్‌నెస్ రిట్రీట్: వైజాగ్ నుంచి ఏది ఎంచుకోవాలి, ఎలా సిద్ధపడాలి

ఆరోగ్యం కోసం కొన్ని రోజులు ఇంటికి దూరంగా ఉండి వచ్చే వెల్‌నెస్ రిట్రీట్ అన్న ఒక్క పేరు కింద వైజాగ్‌వాళ్లకు ఇప్పుడు అయిదారు రకాలు దొరుకుతున్నాయి. రుషికొండ, భీమిలి తీరంలో ప్రకృతి వైద్యం, అరకులో శని ఆదివారాల యోగా క్యాంపులు, ఏలూరు దగ్గర పది రోజుల విపస్సన ధ్యానం, కేరళలో ఆయుర్వేద పంచకర్మ, బెంగళూరులో పెద్ద నేచర్‌క్యూర్ ఆస్పత్రులు. ప్రకటనలు చూస్తే అన్నింట్లోనూ అదే పచ్చిక, అదే పద్మాసనం, గాజు గ్లాసులో అదే పచ్చటి రసం. లోపలికి వెళ్లాక మాత్రం ఒకచోట పొద్దున్నే ఎనీమా ఇస్తారు, ఇంకోచోట వరసగా కొన్ని రోజులు నెయ్యి తాగిస్తారు, మరోచోట ఫోను తీసుకుని రోజుకు పది గంటలు కళ్లు మూసుకుని కూర్చోమంటారు. డబ్బు కట్టేముందు ఈ తేడా తెలియాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మా సలహా ముందే చెప్పేస్తున్నాం. ఇంటికి గంట, గంటన్నర దూరంలో, రాత్రిపూట కూడా డాక్టరు ఉండేచోట, అయిదు నుంచి ఏడు రోజులు, పూర్తి ఉపవాసం లేకుండా. మూడు రోజులైతే కొత్త తిండికి, కొత్త నిద్రవేళకు ఒళ్లు అలవాటు పడేలోపే సంచి సర్దుకోవాల్సి వస్తుంది. పది దాటితే, పడకపోయినా మధ్యలో వచ్చేయడానికి కట్టిన డబ్బూ అడ్డమొస్తుంది, మొహమాటమూ అడ్డమొస్తుంది. ఈ లెక్కకు మినహాయింపులు ఉన్నాయి, అవి వచ్చినచోట చెబుతాం.

## బీచ్ రోడ్డు వెంట

రుషికొండ నుంచి భీమిలి దాకా ఉన్నవి రెండు తరహాలు. ఒకటి, బి.ఎన్.వై.ఎస్. (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివిన డాక్టర్లు చూసే ప్రకృతి వైద్యం. రుషికొండలోని పేమా ఈ తరహాలో బాగా ఖరీదైనది. రెండోది, స్పా ఉన్న రిసార్టు. పొద్దున యోగా మాస్టారు వస్తారు, మధ్యాహ్నం మసాజ్ ఉంటుంది, బఫేలో ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం. రెండోది చెడ్డదని కాదు, నెల రోజుల అలసట తీరడానికి అదే చాలు. దానికి వైద్యం ధర మాత్రం పెట్టకూడదు. తేడా పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "మొదటి రోజు నన్ను చూసేది ఎవరు, ఎంతసేపు చూస్తారు?" బీపీ, బరువు చూసి, వాడే మందులు రాసుకుని, ఆ తర్వాతే చికిత్సల చార్టు వేస్తే అది వైద్యం. మీ ముఖం చూడకముందే అయిదు రోజుల చార్టు వాట్సాప్‌లో వచ్చేస్తే అది హోటలే.

ప్రకృతి వైద్యంలో రోజు ఎలా గడుస్తుందో ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది. పొద్దున అయిదున్నర, ఆరుకల్లా నడకో యోగానో. తర్వాత మట్టిపట్టీ: జల్లించి నానబెట్టిన మట్టిని పల్చటి తడిగుడ్డలో పరిచి పొట్టమీద, కళ్లమీద ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచుతారు. అది అయ్యాక గోరువెచ్చటి నీళ్లతో ఎనీమా. సిగ్గుపడేవాళ్లు ఎక్కువమంది సిగ్గుపడేది దీనికే. అక్కర్లేదనుకుంటే మొదటి రోజే డాక్టరుతో చెప్పొచ్చు, మలబద్ధకం లేనివాళ్లకు రోజూ ఇవ్వాల్సిన పనీ లేదు. పొట్టభాగం మాత్రమే నీళ్లలో మునిగేలా తొట్టిలో కూర్చోబెట్టే కటిస్నానం, తలమీద తడిగుడ్డ వేసి పది పదిహేను నిమిషాల ఆవిరిస్నానం, మసాజ్ ఇవన్నీ మధ్యాహ్నంలోపు. భోజనం ఉప్పు, నూనె లేకుండా పదకొండు, పన్నెండు మధ్య. సాయంత్రం ఆరున్నరకల్లా రాత్రి తిండి కూడా అయిపోతుంది. తొమ్మిదిన్నరకు టిఫిన్, రాత్రి పదికి భోజనం అలవాటున్న ఇంట్లోంచి వెళ్లేవాళ్లకు మట్టి, నీళ్లకన్నా ఈ వేళలే కష్టం.

తీరానికి ఒక ఇబ్బంది ఉంది, ఉక్కపోత. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా పొద్దున ఎనిమిదికే చెమట కారే ఊళ్లో ఆవిరిస్నానం, రసాల తిండి కలిస్తే కళ్లు తిరగడం మామూలే.

## అరకు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అరకుకు సాటి లేదు. తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, పొడి చలి, కాఫీ తోటల్లో నడక. కిరండూల్ పాసింజరుకు వేసే అద్దాల బోగీలో టికెట్ దొరికితే ఘాట్ రోడ్డు వాంతుల బాధ కూడా ఉండదు. కానీ అక్కడ "రిట్రీట్" పేరుతో అమ్మేది ఎక్కువగా రెండు రాత్రుల బస, రెండు పూటల యోగా, చలిమంట. డాక్టరు ఉండడు. గేటు దాటితే రోడ్డుమీద బొంగు చికెన్ కాలుతుంటుంది, సాత్వికాహారం మాట నిలబెట్టుకోవడం ఎవరి తరమూ కాదు! ఆరోగ్యంగా ఉండి, కాస్త ఊపిరి తీసుకుందామనుకునేవాళ్లకు బాగుంటుంది. షుగరు, బీపీ మందులు వాడుతూ అక్కడ ఎవరో చెప్పారని "ఒక్క రోజు నీళ్ల ఉపవాసం" చేయడం మాత్రం ప్రమాదం. రాత్రి ఏదైనా అయితే ఘాట్ దిగి వైజాగ్ కేజీహెచ్ ఆస్పత్రి చేరడానికి మూడు గంటలు పట్టొచ్చు.

## పది రోజుల విపస్సన

వైజాగ్ నుంచి వెళ్లగలిగే కేంద్రాల్లో ఒకటి ఏలూరు పక్క విజయరాయిలోని ధమ్మ విజయ. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త ఉంది. విపస్సన ఆచార్యుడు ఎస్.ఎన్. గోయంకా పద్ధతిలో నడిచే కేంద్రాలన్నింట్లోనూ నియమాలు ఒకటే. నాలుగింటికి గంట కొడతారు, నాలుగున్నరకు మొదటి ధ్యానం. ఆరున్నరకు టిఫిన్, పదకొండింటికి భోజనం, సాయంత్రం అయిదుకు కొత్తవాళ్లకు టీ, పండ్లు. అంతే, రాత్రి భోజనం ఉండదు. ఏడింటికి ప్రవచనం, తెలుగులోనూ వినొచ్చు. తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. మొదటి మూడు రోజులు శ్వాసమీదే, నాలుగో రోజు విపస్సన మొదలవుతుంది. అక్కడి నుంచి రోజుకు మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోమంటారు. ఫోను, పుస్తకం, పెన్ను, మాట ఏవీ ఉండవు. మౌనం విడిచేది పదో రోజు.

ఫీజు లేదు. గది, తిండి అన్నీ పాత సాధకుల విరాళాలమీద నడుస్తాయి, కోర్సు పూర్తిచేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు. ఉచితం కదా, ముందు ఇది చూద్దాం అనుకుని వెళ్లేవాళ్లు చాలామంది. మా అభిప్రాయంలో చాలామందికి మొదటి అడుగుగా ఇది బరువైనది. రెండో రోజు, ఆరో రోజు సంచి సర్దుకునేవాళ్లు ఎక్కువ. మోకాళ్లు, నడుము, కాఫీ తలనొప్పి, ఖాళీ కడుపు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అయితే కొన్నాళ్లుగా రోజూ అరగంట ధ్యానం చేస్తూ, నేలమీద నలభై నిమిషాలు కూర్చోగలిగినవాళ్లు నేరుగా ఇక్కడికే వెళ్లొచ్చు. వాళ్లకు ప్రకృతి వైద్య కేంద్రం అక్కర్లేదు.

సెలవుల లెక్కలో తప్పు పోతుంటారు. పది రోజుల కోర్సంటే చేరిన రోజు, పదకొండో రోజు పొద్దున కలిపి క్యాలెండరులో పన్నెండు రోజులు. చేరాల్సింది మధ్యాహ్నం. వైజాగ్‌లో మధ్యాహ్నం బయల్దేరే రత్నాచల్ పనికిరాదు, పొద్దున్నే వెళ్లే జన్మభూమి లాంటిదో, ముందురోజు రాత్రి రైలో చూసుకోవాలి. భార్యాభర్తలు కలిసి వెళ్లినా అక్కడ ఆడవాళ్లు, మగవాళ్లు వేరు, మాటలుండవు. మోకాళ్ల నొప్పి ఉంటే కుర్చీ కావాలని దరఖాస్తులోనే రాయండి. మానసిక సమస్యకు మందులు వాడుతున్నా, ఈమధ్యే ఇంట్లో మనిషి పోయినా దాచకుండా రాయాలి. పది రోజుల మౌనం అలాంటి మనసుమీద ఎటు పని చేస్తుందో చెప్పలేం. వాళ్లు వద్దంటే ఆ మాట వినాలి.

## కేరళ పంచకర్మ

"ఏడు రోజుల పంచకర్మ" అన్న ప్యాకేజీ కనిపిస్తే లెక్క వేయండి. మందిచ్చి విరేచనాలు చేయించే విరేచన కర్మనే తీసుకుందాం. ముందు జీర్ణశక్తి సరిచేసే మందులు ఒకటి రెండు రోజులు. తర్వాత స్నేహపానం: పొద్దున్నే ఖాళీ కడుపున ఔషధ ఘృతం (మందు కలిపి కాచిన నెయ్యి), కొద్ది మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుతూ మూడు నుంచి ఏడు రోజులు. బాగా ఆకలి వేసేదాకా ఇంకేమీ పెట్టరు. ఆపైన రెండు మూడు రోజులు అభ్యంగనం (నూనె మర్దన), స్వేదనం (చెమట పట్టించడం). అప్పుడు విరేచనం ఒక్క రోజు. తర్వాత పలచని గంజితో మొదలుపెట్టి మామూలు అన్నానికి రావడానికి మూడు నుంచి ఏడు రోజులు. ఎంత కుదించినా పది రోజులకు తగ్గదు. ఏడు రోజుల్లో ఇచ్చేది అభ్యంగనం, కిళి (మందు మూటలతో కాపడం), శిరోధార (నుదుటిమీద నూనె ధార). హాయిగానే ఉంటాయి, నిద్ర పడుతుంది, కానీ వాటిని ఒళ్లు శుద్ధిచేసే శోధన చికిత్స అనుకోకూడదు. మొదటిసారికి నిజానికి ఈ మెత్తటి చికిత్సలే మేలు. పేరు సరిగ్గా చెప్పి, ధర దానికి తగ్గట్టు తీసుకుంటే చాలు.

పూర్తి పంచకర్మ జబ్బుకు చేసే వైద్యం. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివి ఉండి, బి.ఎ.ఎం.ఎస్. (ఆయుర్వేద డిగ్రీ) చేసిన వైద్యుడు చూసి చెబితే అప్పుడు ఆలోచించండి. మలయాళీలు జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా వచ్చే కర్కాటక మాసంలో చేయించుకుంటారు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు నెయ్యి తాగే చికిత్సకు ఒప్పుకునేముందు తమ డాక్టరునూ అడగాలి. లోపలికిచ్చే మందుల్లో లోహాలతో, పాదరసంతో చేసే భస్మాలు, రసౌషధాలు ఉన్నాయా అని అడిగి, చీటీమీద పేర్లు రాయించుకోండి. ఇంకో చిక్కు ప్రయాణం. మన ఊరిమీదుగా వెళ్లే ధన్‌బాద్–అలెప్పీ రైల్లో రోజుకు పైగా కూర్చోవాలి. విరేచనమైన మర్నాడే రైలెక్కి ప్యాంట్రీ కూర తింటే చేసిందంతా పాడవుతుంది. గంజి రోజులు అక్కడే గడిపేలా తిరుగు టికెట్ తీసుకోవాలి.

బెంగళూరు తుమకూరు రోడ్డులోని జిందాల్ లాంటి పెద్ద ఆస్పత్రుల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పం. అవి క్రమశిక్షణతో నడుస్తాయి, డాక్టర్లు ఉంటారు, పది రోజులకు తక్కువగా చేర్చుకోవడం అరుదు. మొదటిసారి దగ్గర్లో అయిదు రోజులు ఉండి, పడుతుందని తెలిశాక రెండోసారికి అవి బాగుంటాయి.

ఎవరూ ప్రకటన ఇవ్వని దారి ఇంకొకటి ఉంది. పగటి చికిత్స. ఊళ్లోనే ప్రకృతి వైద్య, ఆయుర్వేద క్లినిక్కులో వారం రోజులు పొద్దున చికిత్స చేయించుకుని, వాళ్లు చెప్పిన తిండే ఇంట్లో తింటూ ఉండటం. గది ఖర్చు మిగులుతుంది. చంటిపిల్లలున్న తల్లులకు, మంచాన పడిన పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు ఇదొక్కటే కుదురుతుంది. ఇంట్లో వంటింటి వాసన, టీవీ, ఫోను మామూలుగానే ఉంటాయి కాబట్టి మనసుకు విశ్రాంతి మాత్రం దొరకదు. ఎనీమా, ఆవిరి పడతాయో లేదో తెలుసుకోవడానికి ఒకటి రెండు రోజులు ఇలా చేసి చూడటం తెలివైన పని.

## మందులు వాడేవాళ్లకు

ఇక్కడ తొందరపడి చదవొద్దు. రిట్రీట్లలో పెద్ద ప్రమాదం ఎక్కువగా జరిగేది మందులు, ఉపవాసం ఒకేచోట కలిసినప్పుడే.

ఇన్సులిన్‌గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగరు మాత్రలుగానీ వాడేవాళ్లు తిండి సగానికి తగ్గించి మాత్ర పాత మోతాదులోనే వేసుకుంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబడటం గుర్తులు. మీటర్లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. "ఉపవాసంలో ఉన్నారు, తీపి వద్దు" అనే సిబ్బంది మాట ఆ సమయంలో వినకూడదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రలది ఇంకో రకం ప్రమాదం. ఇవి వాడుతూ ఉపవాసం ఉంటే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ఆమ్లత పెరగొచ్చు. మోసం ఎక్కడంటే, షుగరు మరీ ఎక్కువేం కనబడదు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం వస్తాయి. రిట్రీట్‌లో వాటినే "లోపలి విషాలు బయటికి పోతున్నాయి" అని సర్దిచెప్పే వీలుంది. ఈ మాత్రలు వాడేవాళ్లు రసాల ఉపవాసం పెట్టుకోకపోవడమే మంచిది. తప్పదనుకుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో మీ షుగరు డాక్టరే చెప్పాలి.

బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) కలిసిన మందు వాడుతుంటే ఉప్పులేని తిండి, ఆవిరి తోడై బీపీ బాగా దిగుతుంది. మంచంమీంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని లేవాలి. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు రోజూ ఆకుకూరల రసం, కొబ్బరినీళ్లు తాగితే పొటాషియం పెరుగుతుంది. బీపీ మందు టెల్మీసార్టాన్ కూడా వాడుతుంటే ఇంకా జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఆకుకూర రసాల్లోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది, గట్టి మసాజ్‌కు ఒళ్లు కమిలిపోతుంది. థైరాయిడ్ మాత్ర మామూలుగానే పరగడుపున వేసుకుని, కషాయం అరగంట, గంట ఆగి తాగండి.

గ్లాసుల కొద్దీ ఉప్పునీళ్లు తాగించే శంఖ ప్రక్షాళన గర్భిణులకు, గుండె, మూత్రపిండాలు, అధిక రక్తపోటు సమస్యలున్నవాళ్లకు వద్దు. నీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతికి కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు పట్టి ఇస్తే వద్దనండి. నెలసరి రోజుల్లో ఎనీమా, కటిస్నానం, ఆవిరి, నూనె చికిత్సలు సాధారణంగా ఆపేస్తారు. అయిదు రోజుల ప్యాకేజీలో మూడు అలా పోతే డబ్బు తిరిగి రాకపోవచ్చు, తేదీలు చూసుకుని బుక్ చేయండి.

వెళ్లే నెలలో హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ పరీక్షలు, నలభై దాటితే ఈసీజీ చేయించి కాగితాలు వెంట తీసుకెళ్లండి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, మలంలో రక్తం, ఆయాసం వీటిలో ఏది వచ్చినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. "షుగరు మాత్రలన్నీ వారంలో మానిపిస్తాం" అని ఫోన్లోనే మాటిచ్చేచోటుకు అసలు వెళ్లొద్దు.

## డబ్బు, తేదీలు

"అయిదు రాత్రులు" అంటే చేరే రోజు మధ్యాహ్నం, వచ్చే రోజు పొద్దున పోగా నిండు రోజులు నాలుగే. పన్ను కలిపిన మొత్తానికి మందులు, పరీక్షలు, రానూపోనూ ఖర్చు కలిపి నాలుగుతో భాగించండి. అప్పుడు రెండు చోట్ల ధరలు పక్కపక్కన పెట్టొచ్చు. రోజుకు ఎన్ని చికిత్సలో, ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలో రాసి ఇమ్మనండి. సముద్రం కనిపించే గదికి, వెనక గదికి తేడా చాలా ఉంటుంది, చికిత్స ఒకటే. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా గదిలో ఉండేది తక్కువ కాబట్టి మేం వెనక గదికే ఓటేస్తాం.

బీమా ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో 13వది సరిగ్గా దీని గురించే: స్పాలు, నేచర్‌క్యూర్ క్లినిక్కులు, అలాంటి చోట్ల తీసుకున్న చికిత్సకు చెల్లింపు ఉండదు. ఆయుష్ ఆస్పత్రిలో జబ్బుకు ఇన్‌పేషెంటుగా చేరడం వేరే సంగతి, దానికి పాలసీ కాగితం చూసుకోవాలి.

తేదీలకు వస్తే, కార్తీకమాసం మంచిదని మా లెక్క. చాలా ఇళ్లలో అప్పటికే నీచు మానేసి, ఒంటిపూట తింటూ ఉంటారు, సగం సన్నాహం దానంతటదే అయిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం మాత్రం ఉంటుంది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. వాతావరణం వల్ల వాయిదా పడితే డబ్బు సంగతేమిటో ముందే అడిగి పెట్టుకోండి. సంక్రాంతికి వారం ముందు వెళ్లొద్దు, తిరిగొచ్చేసరికి ఇంటినిండా అరిసెలు, జంతికలు ఉంటాయి. తిరిగొచ్చిన వారంలో పెళ్లి భోజనాలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. స్టీల్‌ప్లాంటులో, పోర్టులో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు రాత్రి సి షిఫ్టు దిగి నేరుగా వెళ్లకుండా, రెండు రాత్రులు ఇంట్లో నిద్రపోయి వెళ్లాలి.

## కాఫీ సంగతి ముందు తేల్చండి

రెండో రోజు తలనొప్పి మొదటిసారి వెళ్లినవాళ్లలో సర్వసాధారణం. అది విషాలు పోవడం కాదు, కాఫీ టీలు ఆగిపోవడం. చివరి కప్పు తాగిన పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదిరి, వారం దాకా సాగొచ్చు. డబ్బు కట్టిన అయిదు రోజుల్లో మూడు దీనికే పోతాయి. అందుకే రెండు వారాల ముందు మొదలుపెట్టండి. రోజుకు నాలుగు కప్పులు తాగేవాళ్లు మూడు రోజులు మూడు, మూడు రోజులు రెండు, మరో మూడు రోజులు ఒకటి, తర్వాత డికాషన్ సగానికి తగ్గించి అరకప్పు. చివరి మూడు రోజులు శొంఠి కాఫీ, ధనియాల కాఫీ. గ్రీన్ టీకి మారితే లాభం లేదు, అందులోనూ కెఫీన్ ఉంది.

రాత్రి భోజనం కూడా ఇలాగే మెల్లగా జరపాలి. రెండు మూడు రోజులకోసారి అరగంట ముందుకు తెస్తూ ఏడింటికి చేర్చండి. చివరి వారంలో చేపలు, మాంసం, మద్యం, బేకరీ తిండి మాని, పచ్చళ్లు, ఉప్పు తగ్గించి, రైతుబజారు కూరలు, చోడంబలి, పెసరపప్పుతో గడిపితే అక్కడి చప్పిడి తిండి అంత చప్పగా అనిపించదు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, మెల్లగా పెంచి నీళ్లు ఎక్కువ తాగండి. విపస్సనకైతే నేలమీద కూర్చోవడం సాధన చేయాలి. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి నలభై అయిదు దాకా, పిరుదుల కింద మందపాటి దిండు వేసుకుని. మోకాళ్లు తుంటికన్నా కిందికి ఉంటే నడుము నొప్పి తక్కువ.

ఆఫీసులో మీ బదులు ఎవరు చూస్తారో ఒక పేరు చెప్పి, ఇంట్లో "రాత్రి ఎనిమిదికి ఒక్క ఫోను" అని మాట తీసుకోండి. గ్యాస్ బండ, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు లాంటివి ముందే తేలిస్తే ఆ ఒక్క ఫోను కూడా చిన్నదవుతుంది.

## సంచిలో

పాత నూలు బట్టలు తీసుకెళ్లండి. నూనె మరకలు పోవు, కొత్త తెల్లబట్టలు పాడైపోతాయి. రబ్బరు చెప్పులు, గరుకు అడుగున్నవి, ఎందుకంటే నూనె కాళ్లతో బాత్రూంలో జారిపడటం అక్కడ ఎక్కువగా తగిలే దెబ్బ. జిడ్డు వదలడానికి సున్నిపిండి. మందులు స్ట్రిప్పులతో సహా, ఉండే రోజులకు రెండు రోజులవి ఎక్కువగా. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు. లెన్సులు పెట్టుకునేవాళ్లు కళ్లజోడు. మంగళసూత్రం గొలుసు నూనెకు, ఆవిరికి జిడ్డు పడుతుంది, రోజూ తీసి పెట్టడం మనసొప్పదు కాబట్టి చాలామంది ఆ వారం పసుపుతాడుతో వెళతారు, గొలుసు ఇంట్లో భద్రంగా ఉంటుంది. జుట్టుకు రంగు వేయించాలనుకుంటే వచ్చాక వేయించండి, శిరోధార నూనెకు అది నిలవదు. వ్యాక్సింగ్, షేవింగ్ చికిత్సకు రెండు రోజుల ముందే ముగించాలి, లేకపోతే ఉప్పు, నూనె తగిలి మంట పుడుతుంది.

## తిరిగొచ్చాక

బరువు రెండు కిలోలు తగ్గిందని సంబరపడేముందు ఒక లెక్క. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజన్‌తోపాటు మూడు గ్రాముల దాకా నీళ్లుంటాయి. తిండి తగ్గిన మొదటి రోజుల్లో పోయేది ఎక్కువగా ఆ నీళ్లే. అన్నం మొదలుపెట్టిన వారంలో కిలో, కిలోన్నర తిరిగి వస్తుంది, దానికి కంగారుపడి మళ్లీ ఉపవాసం మొదలుపెట్టొద్దు.

రసాల మీద ఉండి వచ్చినవాళ్లు మొదటి రోజు పలచని గంజి, జావ, మెత్తటి పండు. రెండో రోజు పులగం, ఉడికించిన కూర. మూడో రోజు అన్నం, పప్పు, చారు. వేపుళ్లు, బిర్యానీ, బీచ్‌లో మూరీ మిక్చరు వారం తర్వాత. మొదటి రోజే పెరుగన్నం, ఆవకాయ కలుపుకుంటే రాత్రికి కడుపులో మంట ఖాయం.

అక్కడ షుగరు, బీపీ మాత్రలు తగ్గించి ఉంటే ఆ మోతాదు అక్కడి తిండికి సరిపోయినది. ఇంటి భోజనం మొదలయ్యాక రోజూ పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగరు, పొద్దున బీపీ రాసుకుని, వారంలోపు ఆ కాగితంతో మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టాలో, సగమే చాలో ఆ అంకెలు చూసే చెబుతారు.